గోడ వైపు తిరిగినవాళ్లు

జగ్గయ్యపేట భారతీదేవి టీచరు పాస్‌వర్డ్ మరిచిపోయిందనీ, అందువల్లే ‘పలక’ రెండు నెలలపాటు మూతపడిందనీ నందిగామలో తెలియనివారు లేరు. డీటీపీ దుకాణాల్లో చెప్పుకున్నారు. ఉపాధ్యాయుల సమావేశాల్లో చెప్పుకున్నారు. చిల్లకల్లు అడ్డరోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడ్డవాళ్లు సైతం చెప్పుకున్నారు. చెప్పినవాళ్లలో సగంమందికి పాస్‌వర్డ్ అంటే ఏమిటో సరిగా తెలియదు. మరిచిపోవడమంటే మాత్రం అందరికీ తెలుసు. మరిచిపోయింది నలభై దాటిన ఆడమనిషైతే, అది మరీ సులువుగా నమ్మకం కుదిరే సంగతి.

పలక అంటే కంప్యూటరులో తెలుగు కొట్టడానికి వాడే ఒక చిన్న సాఫ్ట్‌వేరు. డబ్బు పెట్టి కొనేది కాదు. దాని లోపలి రాత, అంటే సోర్సు, ఎవరైనా చూడవచ్చు, దిద్దవచ్చు, తమ స్నేహితులకు పంచవచ్చు. దాన్ని తయారుచేసినవాళ్లెవరికీ జీతం లేదు. ఉద్యోగాలు చేసుకుంటూ, ఆదివారాలు మిగుల్చుకుని, నందిగామ బస్టాండు ఎదుట నాసర్ నడిపే ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని చేసిన పని అది.

దానికి మూలపురుషుడు వరప్రసాదరావు మాస్టారు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. తొంభైలలో ఆయన శాస్త్రప్రచార సంఘం ఒకటి పెట్టి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగారు. భారతీదేవి అప్పట్లో జగ్గయ్యపేట హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పే కొత్త టీచరు. ఒకసారి పేట సంత వీధిలో ఒక స్వామి గాలిలోంచి విభూతి తీసి పంచుతున్నాడు. మాస్టారు జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఎదురుగా నిలబడి, చాలా మర్యాదగా, “చేతులు చూపించండి స్వామీ” అన్నారు. స్వామి చూపించలేదు. విభూతి ఆగిపోయింది. ఆ ఒక్క మాట భారతీదేవి జీవితాన్ని ఒక మలుపు తిప్పింది. మంత్రమైనా మందైనా, మంత్రిగారి మాటైనా, ముందు చేతులు చూపించమనాలి. ఆ తరువాత పదేళ్లు ఆమె ఆ సంఘంతోపాటు తిరిగింది. నాలుక మీద కర్పూరం వెలిగించింది, నిప్పుల మీద నడిచింది, అందులో మహిమేమీ లేదని పిల్లలకు వివరించింది.

రెండువేల ఒకటి జూన్‌లో పలక మొదలైనప్పుడు మాస్టారే ఒక నియమం పెట్టారు. పలక బాధ్యత చూసే పెద్దగా ఎవరున్నా రెండేళ్లే ఉండాలి. తరువాత దిగిపోవాలి, మరొకరికి అప్పగించాలి.

“చచ్చేదాకా ఒకడే అధ్యక్షుడుగా ఉండే సంఘాలు బోలెడు చూసానమ్మా. అవి సంఘాలు కావు, సమాధులు. పైన పేరు చెక్కడం ఒక్కటే తక్కువ” అనేవారు.

పెద్ద చేతిలో ఉండేది నిజానికి ఒకే ఒక్క వస్తువు. పలకను ఉంచిన వెబ్‌సైటులో దాని ఖాతాకున్న పాస్‌వర్డ్. అది ఉన్నవారే కొత్త వెర్షను విడుదల చేయగలరు. సోర్సు అందరిదే అయినా, ఏది పలక, ఏది కాదు అని లోకానికి చెప్పగలిగేది ఆ ఖాతా ఒక్కటే. అందుకని అప్పగింతకు ఒక పద్ధతి ఏర్పడింది. ఆ ఆదివారం అందరూ నాసర్ సెంటర్‌లో చేరేవారు. మాస్టారు కంప్యూటరు ముందు కూర్చుని, దిగిపోయే పెద్ద చీటీ మీద రాసిచ్చిన పాత పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, ఖాతా వివరాల్లో కొత్త పెద్ద మెయిలు అడ్రసు ఎక్కించాలి. ఆ సమయంలో మిగిలినవారంతా, కొత్త పెద్దతో సహా, గోడ వైపు తిరిగి నిలబడాలి. తరువాత కొత్త పెద్ద కూర్చుని తన పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాస్టారితో సహా అందరూ మళ్లీ తిరగాలి. ఆ పూట నాసర్ భార్య సైరా సేమ్యా పంపేది.

మొదటి రెండేళ్లూ మాస్టారే పెద్ద. తరువాతి రెండేళ్లు ఉపేంద్ర. కంచికచర్లలో డీటీపీ దుకాణం నడుపుతూ, ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకున్న మనిషి. మాస్టారు గీసిన గీత దాటకుండా అతని గడువు గడిచిపోయింది. రెండువేల ఐదు జూలైలో భారతీదేవి వంతు వచ్చింది.

ఆ ఆదివారం గోడ వైపు తిరిగి నిలబడి ఉపేంద్ర గుసగుసగా అన్నాడు: “దేవుళ్లు లేరంటాం. మన అప్పగింతకి మాత్రం పురోహితుడుండాలి టీచర్‌గారూ.”

“మంత్రాలు తప్పు చదవకుండా ఉంటే చాలు” అన్నది ఆమె.

“వినిపిస్తోంది” అన్నారు మాస్టారు వెనక నుంచి. అందరూ గోడకే నవ్వారు. “అడ్రసు నీది పెట్టేసానమ్మా భారతీ. వచ్చి పాస్‌వర్డ్ కొట్టుకో.”

ఆమె కూర్చుని కొట్టింది. తరగతి గదిలో రోజూ తన వీపు వెనక వేలాడే ఆవర్తన పట్టికలోంచి ఒక నిలువు వరుస తీసుకుంది. రాగి, వెండి, బంగారం. వాటి గుర్తులు, వాటి సంఖ్యలు. ఇరవైతొమ్మిది, నలభైయేడు, డెబ్బైతొమ్మిది. అది జ్ఞాపకం పెట్టుకోవలసిన అవసరమే లేదు. పట్టిక ఉన్నంతకాలం ఉంటుంది.

పెద్ద అయ్యాక ఆమె చేసిన మొదటి పని ఒక ప్రయోగం. తెలుగు అక్షరాల్లో ఏది ఎన్నిసార్లు వస్తుందో ఏళ్ల తరబడి లెక్కగట్టి మాస్టారు కీబోర్డు మీద అక్షరాలకు ఒక అమరిక రూపొందించారు. పలక తెరిస్తే మొదట వచ్చేది అదే. దుకాణాల్లో పనిచేసేవాళ్లు మాత్రం పాత టైపు మిషను అమరికకు అలవాటుపడ్డవాళ్లు. వాళ్లు గొణుగుతూనే ఉన్నారు. భారతీదేవి నందిగామలో, పేటలో కొంతమంది టైపిస్టులను కూర్చోబెట్టి, రెండు అమరికలూ సమానంగా సాధన చేయించి, ఒకే పుట కొట్టించింది. కొత్తగా నేర్చుకున్నవాళ్లను కూడా విడిగా కూర్చోబెట్టింది. రెండుచోట్లా పాత అమరికే ముందు నిలిచింది. ఆమె ఫలితాలు అందరికీ పంపి, కొత్త వెర్షనులో మొదట పాత అమరిక వస్తుందనీ, మాస్టారిది కావలసినవారు ఎంచుకోవచ్చుననీ ప్రకటించింది. సెప్టెంబరు పద్దెనిమిది ఆదివారం విడుదల.

ముందుగా మాస్టారి ఇంటికి వెళ్లి చెప్పింది. ఆయన ఆ కాగితాలు చాలాసేపు తిప్పారు.

“ఇంత తక్కువమందితో ఏం తేలుతుందమ్మా?”

“మీది ఎంతమందితో తేల్చారు మాస్టారూ?”

ఆయన నవ్వారు. “నన్నే అడుగుతున్నావా? అడుగు, అడుగు. నేర్పింది నేనేగా.”

ఆ నవ్వు ఆమెకు ఆశీర్వాదంలా తోచింది. తిరుగుబస్సులో, చిల్లకల్లు అడ్డరోడ్డు దాటాక, తన గురువు ఎంత పెద్దమనిషో అనుకుని కళ్లు తడిచేసుకుంది కూడా.

విడుదలకు ముందటి శుక్రవారం సాయంత్రం బడి వదిలాక ఆమె పేటలోని నెట్ సెంటర్‌లో కూర్చుని, రాగి వెండి బంగారం కొట్టి లోపలికి వెళ్లి, వాడేవాళ్లకు దారి చూపే సహాయపుటలు ఎక్కించి వచ్చింది. శనివారం ఉదయం అదే పాస్‌వర్డ్ తలుపు తియ్యలేదు. పెద్దక్షరాలు చూసుకుంది, చిన్నక్షరాలు చూసుకుంది, కంప్యూటరు మార్చింది. ‘పాస్‌వర్డ్ మరిచిపోయారా’ అన్న చోట నొక్కితే, మీ చిరునామాకు ఉత్తరం పంపామని సైటు జవాబిచ్చింది. ఆమె పెట్టె తెరిచి సాయంత్రం దాకా కూర్చుంది. ఉత్తరం రాలేదు. చివరికి మాస్టారికి ఫోను చేసింది.

“అయ్యో! మరిచిపోయుంటావమ్మా.”

“మరిచిపోయేది కాదండి మాస్టారూ. ఆవర్తన పట్టికలోది. నిన్న కూడా దాంతోనే వెళ్లా.”

“వెళ్లాననుకుంటున్నావు. మనిషి తన జ్ఞాపకాన్ని ఆఖర్న అనుమానిస్తాడని ఎన్ని మీటింగుల్లో చెప్పాను? ఉత్తరాలంటావా, దారిలో పోతుంటాయి. కంగారుపడకు. సైటువాళ్లకి నేను రాస్తాలే. మొదలుపెట్టింది నేనేగా, నా మాట వింటారు.”

ఆమె కంగారుపడింది. అంతకన్నా ఘోరంగా, తనను తాను అనుమానించింది. సంశయించడం ఆమె నేర్చుకున్న విద్య. ఆ విద్యను ఇప్పుడు తన బుర్ర మీదే ప్రయోగించడం న్యాయమనుకుంది. పాఠం చెబుతూ చెబుతూ ఆగి, పట్టికలో బంగారం సంఖ్యను పరాయిదాన్ని చూసినట్టు చూసేది. ఆ శరదృతువంతా ఆమె పాలు పొంగిపోనివ్వలేదు, తాళం వేయకుండా ఇల్లు వదలలేదు. ఏదో ఒకటి మరిచిపోతుందేమో చూద్దామని తనకు తానే కాపలా కాసింది.

నవంబరులో మాస్టారు ఖాతా దక్కిందని కబురు చేశారు. సైటువాళ్లతో నానా తంటాలు పడితే దయతలిచారట. అందరూ నాసర్ సెంటర్‌లో కూడారు.

“ఎవర్నీ అనేది లేదు” అన్నారు మాస్టారు. “వయసు, ఉద్యోగం, ఇల్లు. ఆడపిల్ల ఎన్నని గుర్తుపెట్టుకుంటుంది? కొన్నాళ్లు ఈ వంతుల పద్ధతి ఆపుదాం. ఈ గడువు అయ్యేదాకా నేనే చూస్తా.”

“ఆ నియమం పెట్టింది మీరేగా సార్” అన్నాడు ఉపేంద్ర.

“మరి తీసేది కూడా నేనేగా?”

భారతీదేవి తన పాస్‌వర్డ్ ఏమిటో అందరి ముందూ చెప్పి, ఇది మరిచిపోగలనా అని అడుగుదామని వచ్చింది. చెప్పింది కూడా. “ఆ రోజు వెండి ముందు రాసావేమోనమ్మా” అన్నారు మాస్టారు జాలిగా. ఆ జాలి అందరికీ నచ్చింది. మర్నాటికి ఆ జాలితో సహా కథ కంచికచర్ల దాటింది.

తరువాత వచ్చిన వెర్షనులో పాత అమరిక లేదు.

కంచికచర్ల బస్సు కోసం నిలబడి ఉపేంద్ర అన్నాడు: “సోర్సు అందరిదీ కదా టీచర్‌గారూ. కాపీ తీసుకుని వేరు కుంపటి పెట్టేద్దాం. మా దుకాణాలోళ్లంతా మీవైపే.”

“పెడితే ఏమంటారు? మతిమరుపు మనిషి అలిగి పోయిందంటారు” అన్నది ఆమె. “నా వంతు పోతే పోయింది. నేను మరిచిపోలేదని తేలకుండా నేనెక్కడికీ రాను.”

ఆమె వెళ్లిపోలేదు. ఆదివారాలు వస్తూనే ఉంది, సహాయపుటలు రాస్తూనే ఉంది. ఎవరైనా చిల్లర మరిచిపోతే, “ఏంటి, భారతి టీచరయ్యావా?” అని అవతలివాడు అనడం ఆమె చెవిన పడుతూనే ఉంది. ఆమె మర్యాద కోసం నవ్వేది.

రెండువేల ఏడు వేసవిలో ఒక ఆదివారం నాసర్ సెంటర్‌లో సైరా తన మెయిలు పాస్‌వర్డ్ పోగొట్టుకుంది. గుంటూరులో ఉన్న చెల్లెలికి పెళ్లి ఫోటోలు పంపాలి. భారతీదేవి పక్కన కూర్చుని ‘మరిచిపోయారా’ నొక్కించింది. ఉత్తరం పంపామని తెర మీద వచ్చింది. ఎక్కడా కనబడలేదు. అంతలో అవతలి కంప్యూటరు దగ్గర నాసర్ అరిచాడు: “ఏందిది, నీ ఉత్తరం నాకొచ్చింది?”

“మీరే కదా ఖాతా తెరిచింది! మీ అడ్రసే ఇచ్చుకున్నారా?” అన్నది సైరా. “చూసారా టీచరమ్మా, గది నాది, తాళం నాది, తాళంచెవి మాత్రం ఈయన జేబులో! నాకు చెప్పకుండా ఎన్నిసార్లు తీసారో ఏమో.”

“నాకేం పనే, మా తమ్ముడి పెళ్లి ఫోటోలు చూడ్డానికి తియ్యాలా?” అన్నాడు నాసర్.

వాళ్లు నవ్వుకుంటున్నారు. భారతీదేవి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. అడ్రసు నీది పెట్టేసానమ్మా. ఆ మాట ఆమె వింది. వినడమే తప్ప చూడలేదు. అది అన్నప్పుడు ఆమె కళ్లకు ఎదురుగా ఉన్నది గోడ, ఆ గోడకు సిమెంటు కంపెనీవాళ్లిచ్చిన క్యాలెండరు. ఊరూరా తిరిగి చేతులు చూపించమని అడిగిన మనుషులంతా, తమ పనిలో అత్యంత ముఖ్యమైన క్షణానికి, వరుసగా నిలబడి వీపు చూపించారు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఒకరినొకరు నమ్ముకున్న మంచివాళ్లమని చాటుకోవడానికి అంత అందమైన పద్ధతి ఇంకోటి లేదనుకున్నారు.

అయినా అనుమానం రుజువు కాదు. ఆ సంగతి కూడా ఆయన నేర్పిందే. సైటువాళ్ల పొరపాటు కావచ్చు. మాస్టారు మార్చబోయి మరిచి ఉండవచ్చు. అలా అయి ఉండాలని ఆమె కోరుకున్నది కూడా. పదిహేనేళ్లుగా నమ్మిన మనిషిని ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు. జూలైలో గడువు ముగుస్తుంది. మాస్టారు దిగిపోయి, మళ్లీ వంతులు మొదలుపెట్టి, చందర్లపాడు నుంచి వచ్చి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మనోజ్ఞకు అప్పగిస్తానని చెప్పి ఉన్నారు. ఆ అమ్మాయి ఆయన శిష్యురాలు, ఆయన మాటకు ఎదురు చెప్పనిది. భారతీదేవి ఆ ఆదివారం దాకా నోరు మెదపలేదు.

ఆ రోజు సైరా సేమ్యా పంపింది. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చున్నారు.

“ఇక అందరూ గోడ వైపు” అన్నారు ఉత్సాహంగా.

కుర్చీలు కదిలాయి. ఉపేంద్ర తిరిగాడు. నాసర్ తిరిగాడు. మనోజ్ఞ నవ్వుకుంటూ తిరిగింది. భారతీదేవి తిరగలేదు.

“ఏమ్మా?”

“నేను తిరగనండి మాస్టారూ.”

“అదేంటమ్మా, మన ఆచారం కదా.”

“ఆచారమనే మాట మీ నోట ఇప్పుడే వింటున్నా.”

గోడ వైపు నుంచి నాసర్ నవ్వబోయి ఆగాడు. ఉపేంద్ర మెల్లగా ఇటు తిరిగాడు.

“పాస్‌వర్డ్ కనబడుతుంది భారతీ.”

“చుక్కలే కదండీ కనబడేది. నాకు పాస్‌వర్డొద్దు. లోపలికెళ్లాక ఖాతా వివరాల పేజీ ఉంటుంది చూడండి, అదొక్కటి తెరవండి.”

“నా మీద నమ్మకం లేదా?”

“ఉండబట్టే రెండేళ్లు నన్ను నేనే తిట్టుకున్నా.” ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. “మీరు నేర్పిందే అడుగుతున్నా. చేతులు చూపించండి మాస్టారూ.”

ఆ మాట విన్నాక ఆయన మొహంలో రంగు మారింది. పేట సంత వీధిలో స్వామి మొహం ఆమెకు గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండుననుకుంది. ఆయన చుక్కలు కొట్టి లోపలికి వెళ్లారు. మౌసు అటూ ఇటూ తిప్పారు.

“ఇవాళ లైను నెమ్మదిగా ఉంది. ముందు సేమ్యా తినండర్రా, చల్లారిపోతుంది.”

“ఇక్కడుంది సార్” అంటూ మనోజ్ఞ ఇటు తిరిగి, వెనక నుంచి వంగి నొక్కేసింది. ఆ అమ్మాయికి ఏమీ తెలియదు. సాయం చేస్తున్నాననే అనుకుంది.

పేజీ పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంది.

“చదువమ్మా” అన్నది భారతీదేవి. “నేను చదివితే తప్పు చదివాననొచ్చు.”

మనోజ్ఞ కంపెనీలో నివేదికలు చదివే అలవాటు కొద్దీ గడగడా మొదలుపెట్టి, రెండో మాట దగ్గరకొచ్చేసరికి నెమ్మదించింది. మాస్టారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. ఉపేంద్ర తెర వైపు వంగాడు. సేమ్యా గిన్నెలు ఎవరూ ముట్టుకోలేదు.

ఖాతా ఉత్తరాలు వెళ్లే చిరునామా వరప్రసాదరావుగారిది. అది నమోదైనది రెండువేల ఒకటి జూన్‌లో. ఆ తరువాత మార్పులేమీ లేవు. పాస్‌వర్డ్ మరిచిపోయామని ఆ చిరునామాకు ఉత్తరం తెప్పించుకుని, కొత్త పాస్‌వర్డ్ పెట్టింది రెండువేల ఐదు సెప్టెంబరు పదహారు, శుక్రవారం రాత్రి.